చెట్టు బరువంతా ఎక్కడిది? మట్టిదా, నీటిదా, గాలిదా? తరగతిలో చేసి చూపించడం ఎలా?

#1 వేరుతంతు

అందరికీ నమస్కారం. "మొక్క మట్టిలోంచి ఆహారం తీసుకుని పెరుగుతుంది" అనే మాట 7వ తరగతిలో పాతుకుపోతే 10వ తరగతి దాకా వదలదు. కిరణజన్య సంయోగక్రియ సమీకరణం పొల్లు పోకుండా రాసిన పిల్లలే తర్వాతి ప్రశ్నకు ఈ జవాబు రాస్తారు. రెండూ ఒకదానికొకటి పొసగవని వాళ్లకు తట్టదు. నోటితో చెప్తే తలాడిస్తారు, పరీక్షలో మళ్లీ పాత పాటే.

అందుకే చేసి చూపించగలిగేవి కావాలి. తూకం, రంగు, బుడగ, ఏదైనా సరే కంటికి కనబడాలి. మామూలు బడి ల్యాబులో దొరికే సామానుతోనే అయిపోవాలి. ఏ ప్రయోగం ఎక్కడ బెడిసికొడుతుందో కూడా రాయండి. పుస్తకాల్లో లేనిది అదే.

#2 తూనికరాళ్లు

17వ శతాబ్దపు శాస్త్రవేత్త వాన్ హెల్మాంట్‌తో మొదలుపెట్టండి. ఆయన ప్రయోగంలో ఒప్పూ ఉంది, తప్పూ ఉంది. పాఠానికి రెండూ పనికొస్తాయి.

200 పౌండ్ల మట్టిని కొలిమిలో ఆరబెట్టి కుండీలో పోశాడు. 5 పౌండ్ల విల్లో మొక్క నాటాడు. దుమ్ము పడకుండా కుండీ మూతికి చిల్లుల రేకు కప్పాడు. వాన నీరు, అది లేనప్పుడు బట్టీపట్టిన నీరు (స్వేదనజలం) తప్ప ఇంకేమీ పోయలేదు. 5 ఏళ్ల తర్వాత చెట్టు 169 పౌండ్ల 3 ఔన్సులు తూగింది. మట్టిని మళ్లీ ఆరబెట్టి తూస్తే తగ్గింది 2 ఔన్సులు. ఇది అచ్చయింది ఆయన పోయాక, 1648లో.

బరువు మట్టిది కాదని తేల్చడం ఒప్పు. "అయితే అంతా నీరే" అనేయడం తప్పు. విచిత్రం ఏమిటంటే 'గ్యాస్' అనే మాటను పుట్టించిందే ఆయన. బొగ్గు కాలితే వచ్చే వాయువు గురించి రాసిందీ ఆయనే. ఆ వాయువే తన చెట్టు ఆకుల్లోకి దూరుతోందన్న ఊహ మాత్రం రాలేదు.

పిల్లల చేత ఈ ప్రయోగంలో లోపాలు వెతికించండి. 200 పౌండ్లలో 2 ఔన్సులంటే 1600వ వంతు. అంత సన్నటి తేడాను ఆ కాటా పట్టగలదా? 4 శరదృతువుల్లో రాలిన ఆకులను తూయలేదని ఆయనే రాసుకున్నాడు. వాటిని కలిపితే వాదన బలపడుతుందా, బలహీనపడుతుందా? బలపడుతుందని పిల్లలు తమంతట తాము చెప్పగలిగితే సగం పాఠం అయినట్టే.

#3 సందేహం

అడ్డు తగులుతున్నందుకు ఏమీ అనుకోకండి. మట్టి అక్కర్లేకపోతే ఎరువు ఎందుకు వేస్తున్నట్టు? పిల్లలు మొట్టమొదట అడిగేది ఇదే. అక్కడ తడబడితే పాఠం మొత్తం పోతుంది.

#4 నేలపొర

"అక్కర్లేదు" అని ఎవరూ అనలేదండి. "బరువులో దాని వాటా తక్కువ" అన్నారు. రెండు మాటలకీ చాలా తేడా ఉంది.

నీరంతా పోగొట్టిన మొక్కలో దాదాపు 45 శాతం కార్బన్, ఇంచుమించు అంతే ఆక్సిజన్, 6 శాతం హైడ్రోజన్ ఉంటాయి. నైట్రోజన్, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, ఫాస్ఫరస్, ఇనుము, మిగతావన్నీ కలిసి ఆ చివరి కొద్ది శాతంలో సర్దుకుంటాయి. మట్టి ఇచ్చేది ఆ కొసరు. అయితే కొసరు లేకుండా అసలు నడవదు. పత్రహరితం అణువు నడిమధ్య కూర్చునేది ఒక్క మెగ్నీషియం పరమాణువే, అది లేకపోతే ఆకు పాలిపోతుంది. నైట్రోజన్ లేకపోతే ప్రొటీన్లు లేవు, ప్రొటీన్లు లేకపోతే ఎంజైములు లేవు.

ఆహారం అంటే శక్తినిచ్చేది. ఎరువులోని లవణాల నుంచి మొక్కకు శక్తి రాదు. కాబట్టి "ఎరువు మొక్కకు ఆహారం" అనే వాక్యాన్ని బోర్డు మీద రాసి కొట్టేయించండి.

మట్టి వాటాను కళ్లతో చూపించాలంటే బూడిద చేయండి. బాగా ఎండిన ఆకుల పొడి 5 గ్రాములు పింగాణీ మూసలో వేసి, ముక్కాలిపీట మీద మట్టి త్రికోణంలో నిలబెట్టి, బర్నరుతో కాల్చాలి. ముందు పొగ వస్తుంది, తర్వాత నల్లగా బొగ్గవుతుంది. అక్కడితో ఆపేస్తే లెక్క పూర్తిగా తప్పు. ఆ నలుపంతా కార్బనే. బూడిద తెలుపులోకో లేత బూడిద రంగులోకో తిరిగేదాకా కాల్చాలి, అరగంట పైనే పడుతుంది. చల్లారాక తూయండి. వేడి మూసను కాటా మీద పెడితే పైకి లేచే గాలి తూకాన్ని తక్కువ చూపిస్తుంది. ఆకుల్లో బూడిద 5 నుంచి 15 శాతం దాకా ఉంటుంది, చెక్కలో 1 శాతం చుట్టుపక్కల. కిటికీలు తెరిచి పెట్టుకోండి.

ఒక మెలిక ఉంది. నైట్రోజన్ కూడా మట్టి ఇచ్చిందే, కానీ కాలేటప్పుడు వాయువై పోతుంది, బూడిదలో దొరకదు. అందుకే "బూడిద అంతా మట్టిది" అనొచ్చు గానీ "మట్టి ఇచ్చిందంతా బూడిదే" అనకూడదు.

#5 పత్రరంధ్రం

నేలపొర గారి చివరి వాక్యాన్ని పరీక్షలో ప్రశ్నగా ఇవ్వొచ్చు.

నీరు, గాలి వాటాల గురించి. పుస్తకంలో 6 అణువుల కార్బన్ డయాక్సైడ్, 12 అణువుల నీరు కలిస్తే గ్లూకోజ్, 6 అణువుల ఆక్సిజన్, 6 అణువుల నీరు వస్తాయని ఉంటుంది. రెండు పక్కలా నీరు ఎందుకు, కొట్టేసి 6 అని రాస్తే పోదా అని పిల్లలు అడుగుతారు. రాస్తే లెక్క కుదురుతుంది కానీ ఒక విషయం మరుగున పడుతుంది. బయటికి వచ్చే ఆక్సిజన్ మొత్తం నీటిదే. 6 ఆక్సిజన్ అణువులంటే 12 పరమాణువులు, అవన్నీ నీటి నుంచే రావాలంటే నీటి అణువులు 12 ఉండాల్సిందే. 1941లో రూబెన్, కామెన్, వాళ్ల సహచరులు బరువైన ఆక్సిజన్ ఐసోటోపు ఉన్న నీటిని ఇచ్చి దీన్ని పట్టుకున్నారు.

అంటే గ్లూకోజ్‌లోని కార్బన్, ఆక్సిజన్ రెండూ కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చినవి. నీటి నుంచి వచ్చింది హైడ్రోజనే. 180 గ్రాముల గ్లూకోజ్‌లో కార్బన్ 72, ఆక్సిజన్ 96, హైడ్రోజన్ 12 గ్రాములు. 180లో 168 గాలివి, దాదాపు 93 శాతం. పచ్చి మొక్కలో ఎక్కువ బరువు నీరే, ఒప్పుకోవాలి. ఆ నీరు ఆరబెట్టాక మిగిలేదంతా, కొసరు తప్ప, దాదాపు గాలి సరుకే.

#6 తూనికరాళ్లు

ఆ లెక్కను గదిలోకి తెద్దాం. గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం చిల్లర. ఘనమీటరు గాలిలో దాని బరువు ముప్పావు గ్రాము. ఎండిన చెక్క 1 కిలోలో సుమారు అర కిలో కార్బన్. దానికి కావలసిన కార్బన్ డయాక్సైడ్ 1.8 కిలోలు. అంటే సుమారు 2,400 ఘనమీటర్ల గాలిలో ఉన్నదంతా ఊడ్చుకోవాలి. తరగతి గది 8 మీటర్ల పొడవు, 6 వెడల్పు, 3 ఎత్తు అనుకుంటే 144 ఘనమీటర్లు. కిలో చెక్కకు 17 గదుల గాలి.

పిల్లల చేత గదిని టేపుతో కొలిపించి లెక్క వేయించండి. "గాలికి బరువుంటుందా" అని నవ్వే పిల్లలకు "ఇంత పలచటి సరుకును ఏరుకోవాలి కాబట్టే చెట్టుకు అన్ని ఆకులు" అని దానంతటదే అర్థమవుతుంది.

#7 వేరుతంతు

17 గదుల లెక్క బాగుంది, తీసుకుంటున్నా. ఇక ఆకులో పిండి తయారైందో లేదో అయోడిన్‌తో చూసే పిండిపదార్థ పరీక్ష. పుస్తకంలో నాలుగు లైన్లే ఉంటుంది. కానీ ఆకు నీలం కావాల్సిన చోట గోధుమరంగులో తేలుతుంది. ఎక్కడెక్కడ తప్పు జరిగే వీలుంది?

#8 బీకరు

దాదాపు ప్రతి మెట్టులోనూ. వరసగా చెప్తాను.

మొక్క ఎంపిక. పలచటి, మెత్తటి ఆకు కావాలి. కోలియస్, జెరేనియం, మందార పనికొస్తాయి. మైనం పూతలా మెరిసే దళసరి ఆకులు వద్దు, ఆల్కహాల్ లోపలికి దిగదు. ఉల్లి జాతి అసలే వద్దు. వాటి ఆకులు దాచుకునేది చక్కెర, పిండి కాదు. ఎండలో ఎంతసేపు పెట్టినా నీలం రాదు, పిల్లలేమో కిరణజన్య సంయోగక్రియే జరగలేదని రాస్తారు.

చీకటి. నల్ల కాగితం తొడిగే ప్రయోగమైతే మొక్కను ముందు 48 గంటలు చీకట్లో ఉంచాలి. లేకపోతే నిన్నటి పిండి ఆకులోనే ఉండి, కప్పిన చోట కూడా నీలం వస్తుంది. తర్వాత కనీసం 4 నుంచి 6 గంటల ఎండ. ఆకును మధ్యాహ్నం దాటాక కోయండి. పొద్దున్నే కోస్తే రాత్రంతా పిండి చక్కెరగా మారి కాండంలోకి వెళ్లిపోయి ఉంటుంది.

నీటిలో ఉడకబెట్టడం. మరుగుతున్న నీటిలో ఒక నిమిషం. ఆకు జావగారినట్టు మెత్తబడాలి. ఇది కణాలను చంపి, పొరలను ఛేదించి, ఎంజైములను ఆపుతుంది. చాలామంది దాటేసే మెట్టు ఇదే. దాటేస్తే రంగు సగమే దిగుతుంది, అయోడిన్ లోపలికి పోదు.

ఆల్కహాల్. ఇక్కడ ముందు బర్నరు ఆర్పండి, ఆ తర్వాతే స్పిరిట్ (ఇథనాల్ అనే ఆల్కహాల్) సీసా మూత తీయండి. ఈ వరస మారకూడదు. ఇథనాల్ 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి మంట అక్కర్లేదు, ఇప్పుడే మరిగి దిగిన నీటి బీకరులో పరీక్షనాళికను నిలబెడితే చాలు. బుడగలు వాటంతటవే లేస్తాయి. ఐదారు నిమిషాల్లో స్పిరిట్ పచ్చగా, ఆకు పాలిపోయిన మీగడ రంగులోకి వస్తాయి. ఇంకా పచ్చదనం ఉంటే స్పిరిట్ మార్చి, నీరు మళ్లీ వేరేచోట మరిగించి తెచ్చుకోండి.

మళ్లీ నీరు. స్పిరిట్‌లోంచి తీసిన ఆకు ఎండుటాకులా పెళుసుగా ఉంటుంది. చిమటాతో గట్టిగా పట్టుకుంటే పుటుక్కున విరుగుతుంది. గోరువెచ్చటి నీటిలో ఒకసారి ముంచితే మెత్తబడి తెల్లపలక మీద పరుచుకుంటుంది.

అయోడిన్. అయోడిన్ ఒక్కటే నీటిలో సరిగా కరగదు. 2 గ్రాముల పొటాషియం అయొడైడ్‌ను కొద్ది నీటిలో కరిగించి, అందులో 1 గ్రాము అయోడిన్ వేసి బాగా కలిపి, అప్పుడు 300 మి.లీ.కి నింపాలి. ఎక్కువ చిక్కగా చేస్తే గోధుమరంగు నీలాన్ని మింగేస్తుంది. ఒకటి రెండు నిమిషాలుంచి, ఆకును నీటితో కడిగి, వెలుతురుకు ఎత్తి చూడండి.

#9 సందేహం

ఇవన్నీ పాటించినా రంగు రాకపోతే?

#10 బీకరు

ఆకు వేడిగా ఉందేమో చూడండి. పిండి-అయోడిన్ నీలం వేడికి పోతుంది, చల్లారితే మళ్లీ వస్తుంది. మెత్తబరచడానికి వాడిన నీరు మరీ వేడిగా ఉంటే ఇదే జరుగుతుంది. ఒక పరీక్షనాళికలో పిండి ద్రావణానికి రెండు చుక్కల అయోడిన్ వేసి, వేడి నీటిలో పెట్టి, తీసి, చల్లటి నీటిలో పెట్టండి. నీలం మాయమై తిరిగొస్తుంది. పిల్లలు దీన్ని పదే పదే చేస్తామంటారు, చేయనివ్వండి.

ఏ పూట ప్రయోగమైనా ముందు అయోడిన్ చుక్కను పిండి ద్రావణం మీద వేసి చూసుకోండి. పాతబడ్డ ద్రావణమైతే అక్కడే తెలిసిపోతుంది.

#11 పత్రరంధ్రం

కార్బన్ డయాక్సైడ్ గాలి నుంచే వస్తుందని చూపేది మోల్ అర్ధపత్ర ప్రయోగం. దీని గురించి ఒక ఫిర్యాదు ఉంది, అది చివర్లో.

48 గంటలు చీకట్లో ఉంచిన మొక్క. వెడల్పు మూతి సీసాలో 10 మి.లీ. పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం, సీసా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేసేది ఇదే. నిలువునా రెండుగా చీల్చిన బెండు. ఆకు సగం సీసా లోపల, సగం బయట ఉండేలా బెండు నడుమ ఇరికించి, సందులన్నీ వ్యాజిలీన్‌తో మూయాలి. సీసాను పడుకోబెట్టి స్టాండుకు బిగించాలి. ఆకు కొస ద్రావణాన్ని తాకకూడదు. 4 గంటల ఎండ తర్వాత అయోడిన్ పరీక్ష. బయటి సగం నీలం, లోపలి సగం కాదు. బెండు కింద నలిగిన పట్టీ కూడా నీలం కాదు, కారణం కార్బన్ డయాక్సైడ్ కాదు, అక్కడికి వెలుతురు చేరలేదు. ఆ పట్టీని కూడా బొమ్మలో గీయించండి.

ఇక ఫిర్యాదు. సీసా లోపల ఉక్క ఎక్కువ, వేడి ఎక్కువ, గాలి ఆడదు. లోపలి సగంలో పిండి రాకపోవడానికి వాటిలో ఏదైనా కారణం కావచ్చు కదా? అందుకే అదే మొక్కకు ఇంకో ఆకు తీసుకుని, ద్రావణం బదులు 10 మి.లీ. నీరు పోసిన రెండో సీసా పెట్టాలి. అందులోని సగం నీలమైతేనే మొదటి సీసా ఫలితానికి విలువ. ఈ రెండో సీసా లేని ప్రయోగానికి పూర్తి మార్కులు వేయకూడదని నా అభిప్రాయం.

#12 బీకరు

దానికి తోడు ఒకటి. ఆ క్షారం (పొటాషియం హైడ్రాక్సైడ్) చుక్క ఆకు మీద పడితే అయోడిన్ రంగు పోతుంది, ఎందుకంటే క్షారంలో అయోడిన్ వేరే పదార్థాలుగా మారిపోతుంది. అప్పుడు పిండి ఉన్నా లేనట్టే కనబడుతుంది, అంటే తప్పు ప్రయోగం సరైన జవాబు ఇస్తుంది. ఇంతకంటే ప్రమాదం లేదు. ఆకును ఉడకబెట్టే ముందు బాగా కడగండి.

#13 మోడరేటర్

పొటాషియం హైడ్రాక్సైడ్‌ను పిల్లల చేతికి ఇవ్వకండి. కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకుని పెద్దలే పోయాలి. బిళ్లలను కరిగించేటప్పుడు ద్రావణం బాగా వేడెక్కుతుంది. నీటిలో బిళ్లలు కొద్దికొద్దిగా వేయాలి, బిళ్లల మీద నీరు పోయకూడదు. చర్చ కొనసాగించండి.

#14 సందేహం

నీటి మొక్క హైడ్రిల్లా వదిలే బుడగలను నీటిలో బోర్లించిన పరీక్షనాళికలో పట్టే ప్రయోగంలో, నిప్పుకణిక ఉన్న పుల్ల పెడితే భగ్గున వెలగదు. అంటే అది ఆక్సిజన్ కాదా?

#15 పత్రరంధ్రం

ఆక్సిజన్ ఉంది, కానీ అదొక్కటే కాదు. నీటిలో కరిగి ఉన్న నైట్రోజన్ కూడా బుడగల్లోకి చేరుతుంది. పైగా మొదట పుట్టిన ఆక్సిజన్‌లో కొంత నీటిలోనే కరిగిపోతుంది. పరీక్షనాళికలో కనీసం మూడు నాలుగు సెం.మీ. వాయువు పోగయ్యేదాకా ఆగాలి, మేఘం పట్టిన రోజు ఈ పని పెట్టుకోకూడదు. బొటనవేలితో మూసి బయటికి తీసి, నిప్పుకణిక ఉన్న పుల్లను వెంటనే దింపాలి. భగ్గుమనకపోయినా కణిక ఎర్రగా రాజుకుంటే చాలు.

కొమ్మను కోసిన కొస పైకి ఉండాలి, బుడగలు అక్కడి నుంచే వస్తాయి. కార్బన్ డయాక్సైడ్ అందడానికి 200 మి.లీ. నీటికి 1 గ్రాము సోడియం బైకార్బొనేట్ కలపండి. శుభ్రంగా ఉంటుందని కాచి చల్లార్చిన నీరు పోస్తారు కొందరు. కాచితే కరిగున్న కార్బన్ డయాక్సైడ్ పోతుంది, బుడగలూ పోతాయి. దీన్నే తిప్పి ప్రయోగంగా వాడుకోవచ్చు: కాచిన నీటిలో ఒక కొమ్మ, బైకార్బొనేట్ నీటిలో ఇంకొకటి.

దీపం దూరం మార్చి బుడగలు లెక్కపెట్టేటట్టయితే, దూరం మార్చిన ప్రతిసారీ 4 నిమిషాలు ఆగి అప్పుడు లెక్కపెట్టండి. దీపానికీ మొక్కకూ మధ్య నీళ్ల గాజుపాత్ర ఉంచితే వేడి ఆగుతుంది. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతవుతుంది, బుడగలు మాత్రం అంతలా తగ్గకపోవచ్చు. దగ్గరలో ఉన్నప్పుడు వెలుతురు అవసరానికి మించి ఉంది, కొరత కార్బన్ డయాక్సైడ్‌ది.

#16 సందేహం

"పగలు మొక్కలు ఆక్సిజన్ వదులుతాయి, రాత్రి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి" అని రాస్తే తప్పంటారా?

#17 పత్రరంధ్రం

సగం ఒప్పు కాబట్టే పోవడం లేదు. శ్వాసక్రియ రాత్రింబవళ్లు నడుస్తుంది, ఆకులోనూ వేరులోనూ గింజలోనూ. పగలు ఆకులో పుట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను ఆకే వాడేసుకుంటుంది, ఇంకా చాలక బయటి నుంచి తెచ్చుకుంటుంది. అందుకని బయటికి కనబడదు. రాత్రి ఆ వాడకం ఆగిపోతుంది, శ్వాసక్రియ కనబడుతుంది.

మొలకెత్తే గింజలతో చూపించండి. మూత బిగించిన సీసాలో తడి దూది, దాని మీద మొలకలు, పక్కనే చిన్న నాళికలో సున్నపుతేట (కార్బన్ డయాక్సైడ్ తగిలితే ఇది పాలలా మారుతుంది). రెండో సీసాలో ఉడకబెట్టిన గింజలు. ఇక్కడ పుస్తకాలు చెప్పని గొడవ ఉంది: రెండు రోజులైతే ఉడికిన గింజల సీసాలో కూడా సున్నపుతేట పాలలా మారుతుంది. చచ్చిన గింజలు శ్వాసిస్తున్నాయని కాదు, వాటి మీద పెరిగిన సూక్ష్మజీవులు శ్వాసిస్తున్నాయి. ఉడికాక గింజలను పలచటి బ్లీచింగ్ ద్రావణంలో కడిగి, కాచిన నీటితో తడిపిన దూది వాడి, ఫలితాన్ని 24 గంటల్లోపే చూసేయండి.

సున్నపుతేట తాజాదై ఉండాలి. లీటరు నీటిలో చెంచాడు తడిసున్నం కలిపి, రాత్రంతా కదపకుండా ఉంచి, పైన తేరిన నీటిని వంచుకోవాలి. మూత తీసి ఉంచితే గాలికే పైన పొర కడుతుంది. కార్బన్ డయాక్సైడ్ మరీ ఎక్కువైతే పాలలా మారింది మళ్లీ తేటపడుతుంది. ఆలస్యంగా చూసి "ఏమీ కాలేదు" అని రాసే వీలుంది, జాగ్రత్త.

#18 నేలపొర

నేల సంగతి అందరూ మరిచిపోయేలా ఉన్నారు. వేర్లు శ్వాసిస్తాయి, మట్టిలోని జీవులు శ్వాసిస్తాయి. అందుకే నేల సందుల్లోని గాలిలో కార్బన్ డయాక్సైడ్ బయటి గాలి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అది తేమలో కరిగి బలహీనమైన ఆమ్లమవుతుంది, రాతి ఖనిజాలను నెమ్మదిగా కొరుకుతుంది, పొటాషియం, కాల్షియం లాంటివి విడుదలవుతాయి. పైన చెప్పిన కొసరు పుట్టేది ఇలాగే. ఆకు గాలిలోంచి పట్టుకున్న కార్బనే వేరు దాకా దిగి రాతిని కరిగించడంలో చేయి కలుపుతోంది. ఒక సెంటీమీటరు మట్టి తయారుకావడానికి వందల ఏళ్లు పట్టొచ్చు.

మంచి పైమట్టి ఘనపరిమాణంలో సగమే గట్టి పదార్థం. ఖనిజాలు 45, జీవశిథిలం 5, నీరు 25, గాలి 25 అని పుస్తకాల లెక్క. ఎక్కువ నీరు పోస్తే మొక్క చచ్చేది ఆ గాలి 25 కూడా నీటితో నిండి, వేరుకు ఆక్సిజన్ అందక.

ఖనిజాల్లో ఏది ఎంతో చూడటానికి సీసా పరీక్ష. నిలువు గోడల పారదర్శక సీసాలో మూడో వంతు మట్టి, మిగతా రెండు వంతులు నీరు, అర చెంచా గిన్నెలు తోమే పొడి. గడ్డలు, వేర్లు, రాళ్లు ముందే తీసేయాలి. 5 నిమిషాలు గట్టిగా ఊపి, బల్ల మీద పెట్టి కదపకూడదు. ఒక నిమిషంలో కింద పేరుకున్నది ఇసుక, 2 గంటలకు దాని మీద చేరేది ఒండ్రు, బంకమట్టి దిగడానికి ఒక రోజు పైనే. ప్రతిసారీ సీసా మీద గీత పెట్టండి. మొత్తం 10 సెం.మీ.లో ఇసుక 4, ఒండ్రు 4, బంక 2 ఉంటే అది లోమ్ నేల, అంటే మూడూ తగుపాళ్లలో కలిసిన నేల.

ఎక్కువమంది చేసే తప్పు చివర్లో రంగు చూసి పొరలు విడదీయడం. రంగు మోసం చేస్తుంది, గడియారం చేయదు. ఇసుక రేణువు 2 నుంచి 0.05 మి.మీ., ఒండ్రు 0.002 దాకా, అంతకంటే సన్నం బంక. ఎంత సన్నగా ఉంటే అంత ఆలస్యంగా దిగుతుంది, గీతలు పెట్టేది అందుకే. పైన తేలేది జీవశిథిలం, దాన్ని పొరల ఎత్తులో కలపొద్దు.

#19 వేరుతంతు

ఇవన్నీ బాగున్నాయి. కానీ మొదటి ప్రశ్నకు నేరుగా జవాబిచ్చే తూకం ప్రయోగం ఇంకా రాలేదు. విల్లో చెట్టు కోసం 5 ఏళ్లు ఆగలేం కదా.

#20 తూనికరాళ్లు

నెలలోపే అయిపోతుంది. మట్టి అసలే వాడం.

ఒకే రకం చిక్కుడు గింజలు 80 ఏరి, 20 చొప్పున 4 గుంపులు చేయండి. గుంపుల బరువులు దాదాపు సమానంగా వచ్చేలా గింజలు మార్చుకోండి. 1వ గుంపును నాటకుండానే ఆరబెట్టి తూయండి. ఇది మొదలు. ఈ గుంపు ఎందుకంటే మామూలు గింజలో కూడా తేమ ఉంటుంది, ఆరబెట్టిన గింజ మళ్లీ మొలవదు. మిగతా 3 గుంపులను బాగా కడిగిన ఇసుకలో, బట్టీపట్టిన నీటితో మొలిపించండి. 2వది చీకటి బీరువాలో, 3వది వెలుతురున్న కిటికీ దగ్గర, 12 రోజులు. 4వది కూడా కిటికీ దగ్గరే, 25 రోజులు.

పీకాక ముందు పచ్చి బరువు తూయించండి. చీకటి మొక్కలు పొడుగ్గా, పాలిపోయి ఉంటాయి, గింజ కంటే ఎన్నో రెట్లు తూగుతాయి. "చూశారా, చీకట్లోనూ పెరిగింది" అని పిల్లలంటారు. అననివ్వండి. తర్వాత ఆరబెట్టి తూయండి. చీకటి గుంపు పొడి బరువు 1వ గుంపు కంటే తక్కువ వస్తుంది. గింజలోని సరుకు శ్వాసక్రియలో కార్బన్ డయాక్సైడై గాలిలో కలిసింది, పెరిగినట్టు కనబడింది నీరు. కిటికీ దగ్గరి 12 రోజుల గుంపు చీకటి గుంపు కంటే ఎక్కువ తూగాలి. 25 రోజులది మొదలును దాటాలి. ఇసుక ఏమీ ఇవ్వలేదు, నీరు ఆరిపోయింది, మరి ఆ అదనపు బరువు ఎక్కడిది?

#21 సందేహం

25 రోజుల గుంపు కూడా మొదలు కంటే తక్కువ వస్తే?

#22 తూనికరాళ్లు

వెలుతురు చాలలేదేమో చూడండి. గదిలో కిటికీకి రెండు మీటర్ల దూరమైనా మొక్కకు చాలా తేడా. లేదా వేర్లు ఇసుకలో తెగిపోయాయి. లాగకుండా కుండీని నీళ్ల తొట్టిలో ముంచి, ఇసుకను కదిలించి విడదీయండి. ఊడిన గింజ తొక్కలు, రాలిన ఆకులు కూడా ఏరి తూకంలో కలపాలి. మొలవని గింజలను పక్కన పెట్టి, ఒక్కో మొక్కకు సగటు వేసి పోల్చండి, లేకపోతే 17 మొక్కలను 20 గింజలతో పోల్చినట్టవుతుంది.

#23 బీకరు

ఆరబెట్టడం గురించి ఒక మాట. 100 నుంచి 105 డిగ్రీల మధ్య ఉంచాలి, దాటితే మాడుతుంది, మాడితే కార్బన్ కూడా పోతుంది. గింజలను రెండుగా చీల్చి పెట్టండి, గుండుగా ఉంటే లోపలి తేమ రాదు. ఒక రోజు ఆరాక తూసి, మళ్లీ 2 గంటలు పెట్టి తూయాలి. రెండు తూకాలూ ఒకటైతేనే ఆరినట్టు. మధ్యలో చల్లార్చేది మూత బిగించిన డెసికేటరులో (తేమను పీల్చే పదార్థం ఉన్న పాత్ర), తెరిచిన బల్ల మీద కాదు. పొడి మొక్క గాలిలోని తేమను చూస్తుండగానే పీల్చుకుంటుంది, కాటా మీద చివరి అంకె పైకి పాకుతూ కనబడుతుంది.

#24 వేరుతంతు

డెసికేటరు లేని చోట?

#25 బీకరు

గట్టి మూత ఉన్న వెడల్పు సీసా అడుగున రెండు చెంచాల సిలికా జెల్, దాని మీద చిల్లుల రేకు. జెల్ నీలంగా ఉంటే పనిచేస్తున్నట్టు, గులాబీ రంగుకు తిరిగితే ఓవెన్‌లో వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. రంగు వేయని రకం కొనకండి, ఎప్పుడు తేమ నిండిందో తెలియదు.